మంచు దారిలో సైకిలు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రామమునకు చదువు రుచి చూపుచున్న గ్రంథాలయపు రజతోత్సవములో మాటాడు అవకాశము నాకు కలిగించినందులకు కృతజ్ఞుడను. ఏ విషయమును గూర్చి మాటాడవలెనని అడుగగా, "సాహిత్యమును గూర్చి చెప్పువారు చాలమంది ఉన్నారు; మా కుర్రవాండ్రు కదలక కూర్చుండి వినదగినది ఏదైన చెప్పుడు" అని కార్యదర్శిగారు సెలవిచ్చిరి. ఈ భవనపు గోడకు ఆనించియున్న సైకిళ్ళను చూచి సైకిలును గూర్చియే చెప్పుదునని నిశ్చయించుకొంటిని. అయితే నేను చెప్పబోవునది కాలువ గట్టుమీద పాలక్యాన్లు మోయు సైకిలు కాదు. గడ్డకట్టిన మహానది మీద, అటుపై గడ్డకట్టిన సముద్రము మీద వేయి మైళ్ళకు పైగా సాగిన సైకిలు కథ యిది.

ముందుగా చలియన నెట్టిదో కొంత చెప్పవలెను. మన విశాఖ మన్యములోని లంబసింగిలో శీతకాలపు తెల్లవారుజామున ఉష్ణము సెంటిగ్రేడు సున్న దరిదాపులకు దిగినచో పత్రికలవారు ఆ వార్తను ముద్రింతురు. దూరపు పట్టణములనుండి జనము కార్లు కట్టుకొని చూడబోవుదురు. నేను చెప్పబోవు దేశమున సున్న అనగా చలి కాదు, ఇంచుమించు వసంతము. అచ్చట చలి యనిపించుకొనునది సున్నకు దిగువ 30, 40 డిగ్రీలది. సున్నకు దిగువ 40 చేరునప్పుడు సెంటిగ్రేడు, ఫారన్‌హీటు కొలమానములు రెండును ఒకే అంకెను చూపును. చేతి తొడుగు తీసి ఇనుమును పట్టుకొన్నచో చర్మము అంటుకొనిపోవును. అట్టి చోట మనుష్యులుందురా యన్నచో, వేల యేండ్లుగా ఉన్నారు. అథబాస్కనులు, యూపిక్కులు, ఇనూపియాకులు అను జాతులవారికి అది పుట్టినయిల్లు. మనము చెప్పుకొనబోవు సైకిలువారు తొక్కిన దారిలో చాల భాగము వారు వర్తకమునకై నడచి అరుగదీసిన దారియే. ఇది మరచి ఆ ప్రదేశమును "మనుష్యసంచారము లేని మంచుటెడారి" అని వ్రాయువారున్నారు. అది సరికాదు.

1896 ఆగస్టులో కెనడా దేశపు వాయవ్య మూలనున్న క్లాండైకు నది ప్రాంతమున బంగారము దొరకెను. 1897, 98 సంవత్సరములలో లోకము నలుమూలలనుండి జనము అచ్చటికి ఉరికిరి. డాసన్ అను పట్టణము వెలసెను. కాని వచ్చినవారిలో అత్యధికులు వచ్చుసరికే మంచి వాగులన్నియు ఎవరో ఒకరి పేర నమోదైపోయెను. చేతిలో పార, కడుపులో ఆకలి. తవ్వుకొనుటకు గజము నేల లేదు. ఇంతలో 1898లో అలాస్కా పడమటి కొసను బేరింగు సముద్రపు టొడ్డున నోమ్ అను చోట మరల బంగారము కనబడెను. 1899 వేసవిలో అచ్చటి సముద్రపు టిసుకలోనే బంగారపు రేణువులున్నట్లు తేలెను. ఇసుకతీరము ఎవ్వరి సొంతమును కాదు గదా! ఈ మాట డాసన్ చేరగానే జనము కాలు నిలువక బయలుదేరిరి.

దారి యేది? యూకాన్ నది. వేసవిలో ఆవిరి పడవలు తిరుగును. శీతకాలమున పడవలు లేవు, కాని నదియే రోడ్డగును. మేము చిన్నప్పుడు కాలువ కట్టివేసిన తరువాత కాలువలోనే నడచి పొరుగూరు పోయెడివారము. అచ్చట నీరు కట్టక, నీరే గట్టిపడి దారి యిచ్చును. కుక్కలు లాగు స్లెడ్జి బండ్లు పోయిపోయి మంచును అణచి ఇరుకైన బాట వేయును. ఇరువది ముప్పది మైళ్ళ కొకటిగా పూటకూళ్ళ సత్రములవంటివి ఉండెడివి. వేసవి పడవకై వేచియున్నవాడు అందరితోపాటు ఆలస్యముగా చేరును. అందుచేత త్వరపడువాడు మంచుండగానే పోవలెను. కుక్కల జట్టు ధర సామాన్యునకు అందనిది. కాలినడక మిక్కిలి నెమ్మదియైనది. అప్పుడు కొందరికి సైకిలు తట్టెను.

అట్టివారిలో ఎడ్ జెస్సన్ అనునతడు డాసన్ దుకాణములో 150 డాలర్లిచ్చి సైకిలు కొనెను. అతనికి తొక్కుట రాదు. ఎనిమిది దినములు నదిమీదనే పడుచు లేచుచు నేర్చుకొనెను. సైకిలునకు మేత అక్కరలేదు, రాత్రి దిగిన తరువాత దానికి కుక్కలకువలె కూడు వండి పెట్టనక్కరలేదు అనునది అతని లెక్క. 1900 ఫిబ్రవరి 22న బయలుదేరెను. బండి చక్రము పోవుటకు స్లెడ్జి బద్దె గీచిన సన్నని జాడ తప్ప మరి చోటు లేదు. జాడ తప్పినచో ప్రక్కనున్న మెత్తని మంచులో ముందుచక్రము కూరుకొనును, మనిషి తలక్రిందుగా పడును. వరిచేని గట్టుమీద సైకిలు తొక్కినవారికి ఈ పనియొక్క కష్టము వేరుగ చెప్పనక్కరలేదు.

త్వరలోనే ఫారన్‌హీటు సున్నకు దిగువ 48 డిగ్రీల చలి వచ్చెను. బేరింగులలోని చమురు మైనమువలె బిగిసెను. చక్రములు తిరుగ మొరాయించెను. రబ్బరు టైర్లు కఱ్ఱవలె గట్టిపడెను. ఆ దినమున సైకిలు అతనిని మోయలేదు. చలి కొంచెము తగ్గువరకు ఆగి, తిరిగి సాగెను. సుమారు అయిదు వారములలో నోమ్ చేరెను. వెళ్ళునప్పుడు అతడు వార్తాపత్రికలను కూడ తీసికొనిపోయెను. శరత్తు చివరనుండి వేసవి వచ్చువరకు ఓడ చేరని ఊరది. పత్రిక ముఖము చూచి మాసములైన వారికి అవి యెంత ప్రియమో, ఈ గ్రంథాలయమునకు పత్రిక ఒక దినము రానిచో బల్ల దగ్గర కూర్చున్నవారి ముఖములు చూచినవారికి తెలియును.

రెండవవాడు మాక్స్ హిర్ష్‌బర్గ్. అమెరికాలోని ఒహాయో రాష్ట్రమునుండి వచ్చిన యువకుడు. ఇతని ప్రయాణము నాకు మరింత ఆశ్చర్యము కలిగించునది. మార్చి 2న డాసన్‌నుండి బయలుదేరెను, అనగా జెస్సన్‌కు కొద్ది దినములే వెనుక. ఏమేమి వెంట తీసికొనిపోయినది వృద్ధాప్యమున వ్రాసికొన్న కథలో అంతయు లెక్కపెట్టి చెప్పెను. ఫ్లానెల్ చొక్కా, ఉన్ని లోపలివైపున గల మందపు ఓవరాల్సు, ముతక ఉన్నికోటు, దానిపై గాలి చొరని పై అంగీ, రెండేసి జతల ఉన్ని మేజోళ్ళు, ఫెల్టు బూట్లు, చెవులు కప్పు బొచ్చుటోపి, ముక్కునకు వేరుగ బొచ్చుతొడుగు. హాండిలుకు కట్టిన బొచ్చుదుప్పటి. సీటు వెనుక కాన్వాసు సంచిలో మారు బట్టలు, తడియంటని కవరులో దినచర్య పుస్తకము, పెన్సిళ్ళు, అగ్గిపుల్లలు. చర్మపు తిత్తిలో 1500 డాలర్ల విలువగల బంగారపు రజను. అప్పటి ధర ప్రకారము అది రెండు కిలోగ్రాములకు తక్కువ కాదు. ఇవిగాక నడుమునకు ఒక పటకా. దానిలో 20 డాలర్ల బంగారు నాణెములు. బయలుదేరునపుడు ఇంటి దగ్గర వానిని కుట్టి యిచ్చినది అతని పినతల్లియో, మేనత్తయో. ఇంగ్లీషులో ఆ యిద్దరికిని ఒకే మాట గనుక మనకు తెలియు మార్గము లేదు.

అతడు బయలుదేరిన దినములను గమనింపుడు. మార్చి గడచెను, ఏప్రిలు గడచెను. ఎండ పెరుగుచున్నది. మనము అనుకొందుము: చలి తగ్గుచున్నది గదా, ప్రయాణము సులభమగును అని. అది పొరపాటు. ఆ దేశమున దారి వేయునది చలి. దారిని తీసివేయునది వెచ్చదనము. నేను ఈ దినమున చెప్పదలచిన ముఖ్యమైన సంగతి యిదియే. సున్నకు దిగువ 40 డిగ్రీలలో నది రాతి రోడ్డు. సున్నకు దగ్గరైనప్పుడు ఆ రోడ్డు క్రిందనుండి కరగుచుండును, పైకి కనబడదు. తెల్లని మంచుమీద ఎండ తిరిగి కొట్టి కన్నులు మూసికొనిపోవును. దానికే మంచు గ్రుడ్డితనమని పేరు. ఆ నేలలోని జనులు దీనికి సన్నని చీలికగల కఱ్ఱ కళ్ళజోళ్ళు, ఎముక కళ్ళజోళ్ళు ఎప్పుడో కనిపెట్టిరి.

హిర్ష్‌బర్గ్ యూకాన్ నదిని విడిచి, పాత కాలపు వర్తకమార్గము వెంట కొండల నడుమగా సముద్రతీరము చేరెను. షక్తూలిక్ అను నది దాటుచుండగా మంచు విరిగెను. మనిషి, సైకిలు కూడ నీటిలో పడిరి. మునిగిపోవలసినవాడు ఎట్లో గట్టు చేరెను. గడియారము పోయెను. రెండేండ్ల కష్టార్జితమైన బంగారపు తిత్తి పోయెను. బంగారమునకై బయలుదేరినవాడు ఉన్న బంగారమును నదికి సమర్పించుకొనెను. సైకిలును మాత్రము విడువలేదు.

అంతటితో ఆగలేదు. నోమ్ చేరుటకు కొంత ముందుగా గొలుసు తెగెను. గొలుసు లేని సైకిలు తోపుడుబండి మాత్రమే గదా. కాని వెనుకనుండి సముద్రపు గాలి బలముగా వీచుచుండెను. హిర్ష్‌బర్గ్ తన ఉన్నికోటు విప్పి, కఱ్ఱ సాయమున వీపు వెనుక తెరచాపగా ఎత్తెను. మన గోదావరి పడవవారు చూచినచో మెచ్చుకొనియుందురు! గడ్డకట్టిన అఖాతముమీద సైకిలు నావవలె పరుగెత్తెను. వేగము మితిమీరినప్పుడు ఆపు సాధనము లేక, కాళ్ళు ఈడ్చుచు, ఒక్కొక్కప్పుడు తానై మెత్తని మంచులో పడి ఆపుకొనుచు పోయెను. 1900 మే 19న నోమ్ పట్టణము చేరెను. అంతకు కొద్ది దినములు ఆలస్యమైయున్నచో దారి నీరై పోయెడిది.

ఈ ఇరువురి కథలను టెరెన్స్ కోల్ అను చరిత్రకారుడు 1985లో "వీల్స్ ఆన్ ఐస్" అను పుస్తకముగా ముద్రింపించెను. అంతకుమునుపు అలాస్కాలో సైతము పెక్కుమంది ఈ సంగతి ఎరుగరు.

దారి విషయమున చెప్పిన మాట మనిషి దేహము విషయమునను వర్తించును. శీతకాలపు దూరయాత్రలో మొదటిసారి పోవువాడు చలికి భయపడి బట్టలమీద బట్టలు కప్పుకొని గట్టిగా తొక్కును. గంటలో చెమట పట్టును. బట్ట తడియును. తడిసిన బట్ట వేడిని నిలుపదు. ఆ క్షణమున గొలుసు జారినదని అయిదు నిమిషములు ఆగినచో ఆ చెమటయే మంచై వీపున అంటుకొనును. అందుచేత అనుభవజ్ఞులు "కొంచెము చలిగా ఉన్నట్లే బయలుదేరవలెను; చెమట పట్టునంత వేగమున పోరాదు; ఎక్కుడు వచ్చినచో ముందే కోటు విప్పవలెను" అందురు. అనగా వానికి శత్రువు బయటి చలి యెంతయో లోపలి వేడియు అంతయే. మన రైతు మిట్టమధ్యాహ్నము నాగలి ఆపి చెట్టునీడ చేరుట యెట్లో, ఇది అట్టి వివేకము. దిశ మాత్రము వేరు.

అన్నిటికంటె భయంకరమైనది మంచుమీద ప్రవహించు నీరు. చలి మరింత పెరిగినప్పుడు నదిమీది మంచు దళసరియై క్రిందనున్న ప్రవాహమును నొక్కును. నీరు పగుళ్ళలోనుండి పైకి తన్నుకొని వచ్చి, పైనున్న మెత్తని మంచు క్రింద దాగి నిలుచును. పైనున్న ఆ మంచే కంబళివలె దానిని గడ్డకట్టనీయదు. చూచువానికి తెల్లని దారి కనబడును; అడుగిడినచో మోకాలిలోతు నీరు. అంత చలిలో తడిసిన పాదము నిముషములలో ప్రమాదస్థితికి వచ్చును. వెంటనే నిప్పు రాజేయలేనివాడు, మారు మేజోళ్ళు లేనివాడు కాలివ్రేళ్ళు పోగొట్టుకొనును. ఒక్కొక్కప్పుడు ప్రాణమే పోవును. మంచు కొరికిన వ్రేళ్ళను మంచుతో రుద్దవలెనని పూర్వము చెప్పెడివారు. అది హానికరమని ఇప్పటి వైద్యులు ఖండించిరి. రుద్దక, మరల గడ్డకట్టు ప్రమాదము లేని చోట, గోరువెచ్చని నీటిలో కాపవలెను.

చిన్న చిన్న ఉపాయములు కొన్ని కలవు. నీటిసీసాను తలక్రిందుగా పెట్టుకొందురు. మంచు మొదట పైన కట్టును గనుక, త్రిప్పినప్పుడు మూతవైపు నీరు మిగులును. తినుబండారములను కోటులోపల ఒంటికి ఆనించి ఉంచుకొందురు. లేనిచో చాక్లెటు రాయియై పన్ను విరుగును. హాండిలుకు సంచులవంటి పెద్ద తొడుగులు కట్టి, చేతులు వానిలో దూర్చి తొక్కుదురు. కాలక్రమమున చలికి బిగియని చమురులును వచ్చెను.

సైకిలే మారినది అసలు విశేషము. మన సైకిలు టైరు అంగుళమున్నర వెడల్పు. అందులో చదరపు అంగుళమునకు 50 పౌండ్ల గాలి యున్నదనుకొందము. మనిషి, బండి, మూట కలిసి 200 పౌండ్లైనచో రెండు చక్రములును కలిసి నేలను తాకు చోటు సుమారు 4 చదరపు అంగుళములు. ఇంత బరువు అంత కొంచెము చోట మోపినచో మంచు దిగబడక యేమి చేయును? గాలిని 5 పౌండ్లకు తగ్గించినచో తాకు చోటు 40 చదరపు అంగుళములగును. కాని సన్నని టైరులో అంత తక్కువ గాలి పెట్టినచో రిమ్ము నేలకు తగులును. కావున టైరు వెడల్పు పెంచవలెను. దమ్ములోనికి దిగు ట్రాక్టరుకు వెడల్పైన దమ్ముచక్రములు బిగించు మన రైతులకు ఈ సూత్రము క్రొత్తది కాదు. 1987లో అలాస్కాలో 200 మైళ్ళ మంచు సైకిలు పందెము మొదలు పెట్టినప్పుడు పోటీదారులు తొక్కినదానికంటె త్రోసినది ఎక్కువ. అటుపిమ్మట కొందరు రెండు రిమ్ములను ప్రక్కప్రక్కన అతికి చూచిరి. ఫెయిర్‌బాంక్స్ పట్టణమున సైమన్ రాకోవర్ అను సైకిలు పనివాడు వెడల్పైన రిమ్ములు చేసి అమ్మెను. 2005 నుండి దాదాపు నాలుగంగుళముల టైర్లుగల సైకిళ్ళు బజారున దొరకసాగెను. పెద్ద కర్మాగారములకంటె ముందు ఈ అవసరమును కనుగొన్నది మారుమూల పట్టణపు మరమ్మతు దుకాణములవారు. మన ఊరి సైకిలుషాపువారు ఈ మాట వినవలెను.

2000 సంవత్సరమునుండి, 1925లో మందును కుక్కలబండ్లమీద నోమునకు చేర్చిన ఆ ప్రాంతపు దారులలోనే, వేయి మైళ్ళ సైకిలు పందెము నడచుచు వచ్చినది. తన కూడు, తన పడక తానే మోసికొనవలెను. 2014లో జెఫ్ ఓట్లీ అనునతడు పది దినములకు కొన్ని గంటలు మాత్రమే ఎక్కువగా పట్టి నోమ్ చేరెను. ఆ యేడు మంచు తక్కువగా కురిసి, దారి చాలచోట్ల గట్టి మంచుగడ్డగా నుండెను. అతని సామర్థ్యమును తగ్గించి చెప్పుట లేదు. కాని దారి ఇచ్చినదానిని తీసికొనగలుగుటయు సామర్థ్యమే. మరి కొన్ని యేండ్లు ముప్పది దినములు త్రోసినను చేరనివారున్నారు. వారిలో వెనుదిరిగినవారిని నేను తక్కువగా చూడను. వాతావరణము కాదన్నప్పుడు సత్రములో కూర్చుండి టీ త్రాగు ఓర్పు, గాలికెదురు పోవు సాహసముకంటె అరుదైనది.

"ఏమి ప్రయోజనము? బంగారమైన లేదు గదా!" అని పెద్దలు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. జెస్సన్, హిర్ష్‌బర్గులకు పొట్టకూటి అవసరము ఉండెను. ఇప్పటివారికి అట్టిది లేదు. చక్కని సామానునకై పెద్ద మొత్తము వెచ్చించి, సెలవు పెట్టి కష్టపడుట కొంత విలాసమే యని నా అభిప్రాయము. కాని తిరుమల మెట్లు బస్సు ఉండగా ఎక్కువారిని మనమెవ్వరమును ఎందుకని అడుగము. ఆ పోటీవారు త్రోవలో ఆగు చిన్న పల్లెలలో, బడి గదిలో పరుండనిచ్చి వేడి అన్నము పెట్టువారు ఆ జాతులవారే. చలిలో తలుపు తట్టినవానిని కాదనరాదను ధర్మము అచ్చట ఇంకను నిలిచియున్నది.

ఆ పల్లెలవారికి ఇప్పుడొక దిగులు పట్టుకొన్నది. 2018, 2019 శీతకాలములలో బేరింగు సముద్రము మునుపెన్నడును లేనంత తక్కువగా గడ్డకట్టెను. హిర్ష్‌బర్గ్ కోటు తెరచాపగా ఎత్తి పోయిన తీరమున, మార్చి మాసములో నీరు తెరచియుండుట చూచిరి. సైకిలు పోటీదారు చుట్టుదారిన పోవచ్చును, పోటీ మానివేయనువచ్చును. సముద్రపు మంచుమీద నడచి సీలును వేటాడి, మంచులో కన్నము చేసి పీత పట్టి యిల్లు గడుపుకొనువానికి చుట్టుదారి లేదు. ఊరికి ఊరికి నడుమనున్న రోడ్డు అతనికి మంచే. మన కాలువకు నీరు రాని యేడు మన యిండ్లలో జరుగు మాటలే, నీరు గడ్డకట్టని యేడు వారి యిండ్లలో జరుగుచున్నవి.

పొద్దుపోయినది. పిల్లలు బహుమతులకై ఎదురుచూచుచున్నారు.